తాటిదిబ్బ అక్షరాలు

విమానాశ్రయం కోసం తాటిదిబ్బ ఊరు ఖాళీ చేసిన వాళ్లకు భోగాపురం దగ్గర కట్టిన కాలనీ. పెరట్లో పాత నూనె డబ్బాతో చేసుకున్న కొలిమి ముందు అప్పలసూరి కూర్చున్నాడు. గ్రామ సచివాలయంలో పనిచేసే కూతురు సుహాసిని మధ్యాహ్నం భోజనానికి ముందే ఇంటికొచ్చింది.

"ఒలమ్మ, దగ్గరకి రాకు! ఆ గుమ్మం కాడే నిలబడు. కాళ్లకి చెప్పులున్నాయా?"

"ముందు ఆ ఫ్యానాపు నానా."

"ఆపితే బొగ్గు సల్లారిపోతాది. గిన్నిలో అల్యూమినియం గడ్డకట్టీసిందంటే మళ్లీ మొదటికొస్తాది."

"ఏడాది నుంచీ ఈ సరదా. గొళ్లేలు, బొంగరాలు పోసినన్నాళ్లూ నేనేమన్నా అన్నానా? ఇప్పుడు పక్కింటి ధనలక్ష్మత్త ఆఫీసుకొచ్చి పొగ అనీసి కంప్లైంటిచ్చింది."

"ఇచ్చింది. ఇచ్చి, తిన్నగా ఇక్కడికొచ్చి దాని పాత కుక్కరిచ్చీసి ఎల్లింది. కరగబెట్టీ సూరన్నా అంది."

"మరి ఆ పక్కనున్నదేటి? మాయమ్మ ఇడ్లీ పాత్ర కదూ?"

"ఏది?"

"అదే నానా!"

"అడుగు సిల్లడిపోనాది. మీయమ్మకి సెప్పకు."

"సేతికి ఆ గుడ్డేటి?"

"దోమ కుట్టింది."

"దోమ కుడితే గుడ్డ కడతారేటి?"

"ఇసక తడిగా ఉన్నాది, కరిగింది పోస్తే కాసింత తుళ్లింది. తప్పు నాదే, ఎండబెట్టుకోవాల. ఈసారి రెండ్రోజులు ఎండబెట్టినాను. అది కాదుగాని ఇటు సూడు. తా, టి, ది. మూడూ ఎంత నున్నగా వచ్చాయో సూడు. బ్బ ఒక్కటే మిగిలిపోనాది. థర్మాకోలు అక్షరం కోసి ఇసకలో పాతి, పైనుంచి పోసీడమే. థర్మాకోలు మండి మాయమైపోతాది, దాని జాగాలో ఇది కూకుంటాది. మనూరి గోపి పెళ్లికి స్టేజీ కట్టినోడు సూపించాడు కొయ్యడం."

"ఎక్కడ పెడదామనీసి?"

"కాలనీ ముందున్న ఆర్చీ మీద."

"ఎప్పుడు?"

"రేపు పొద్దున్న."

"రేపు పొద్దున్న ఆఫీసరుగారొచ్చి బోర్డు ఓపెన్ చేస్తారు నానా!"

"అందుకే రేపు పొద్దున్న."

"గ్రీన్ వ్యూ కాలనీ అని రాయించేశారు. బోర్డు వచ్చీసింది కూడా."

"గ్రీనెక్కడున్నాదే? ఒక్క మొక్క సూపించు. ఆ యేప సెట్టు కూడా నాను నాటిందే, నా మోకాలంత లేదు."

"పర్మిషన్ లేకుండా ఆర్చీ ముట్టుకుంటే కేసవుతాది. నా ఉద్యోగానికీ మాటొస్తాది."

"నీ పేరెత్తితే నాకు ఇలాటి కూతురు లేదని సెప్తాను. సరా?"

"నవ్వులాట కాదు నానా!"

"నాను నవ్వలేదు. ఇల్లిచ్చినాను. కొబ్బరి సెట్లిచ్చినాను. మా అయ్య సమాధి ఇచ్చినాను. అడిగిన కాయితాలన్నిటి మీదా సంతకం పెట్టినాను. ఊరి పేరు ఇస్తాననీసి ఏ కాయితం మీదా పెట్టలేదు."

"ఊరే లేదు కదా ఇప్పుడు! ఫోన్లో తాటిదిబ్బ అని కొడితే విమానాశ్రయం గోడ సూపిస్తాది. కొరియరోడు ఆ గోడ కాడ నిలబడి ఫోను చేస్తన్నాడు. ఎదురింటి వెంకీ ఉద్యోగం ఆర్డరు గోడ దాకా వచ్చి వెనక్కెళ్లిపోయింది. తెలుసా?"

"తెలుసు."

"మరి? మాకు కావలసింది అడ్రసు నానా. ఎవడో ఒకడు ఇంటికొచ్చి తలుపు కొట్టగలిగే అడ్రసు."

"మాకు అంటే ఎవలకి?"

"అందరికీ."

"అందరికీ అంటే? ఆఫీసరు సెప్పాడా అలాగనీసి?"

"ఫ్యాను సరిగా తిప్పు. బొగ్గు సల్లారిపోతంది."

"ఇందాక ఆపమన్నావు."

"ఇప్పుడు తిప్పమంటన్నాను."

"సుహాసినీ. ఎవలు సెప్పారు?"

"ఎవలూ సెప్పలేదు. తాటిదిబ్బ పేరు మార్చమన్నది ఆఫీసు కాదు నానా. మనోళ్లే అర్జీ పెట్టారు. నలభై మంది. మొదటి సంతకం నాది."

"ఆ పటకారిలా ఇయ్యి."

"విన్నావా నానా?"

"విన్నాను. ఎనక్కి జరుగు, పోస్తన్నాను."

వెండిలా మెరిసే ధార ఇసుకలోకి దిగింది. థర్మాకోలు కాలి నల్లటి పొగ లేచింది. ఇద్దరూ ముక్కు మూసుకున్నారు.

"కోపం రాలేదా?"

"వచ్చింది. నెల కిందటే వచ్చింది. అర్జీ జెరాక్సు మన వీధిలో ధర్మేంద్ర తెచ్చి సూపించాడు. ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు."

"తెలిసీ నన్ను ఒక్క మాట అడగలేదేటి?"

"నువ్వు సెప్తావని సూసినాను."

"అయితే ఇదంతా నా మీద పంతమా?"

"నీ మీద పంతమైతే ఇంట్లో కూకుని తిడుదును. సేతులెందుకు కాల్సుకుందును?"

"మరి నలభై మంది వద్దన్న పేరు ఎవలి కోసం నానా? నువ్వొక్కడివీ ఆర్చీ ఎక్కి పెడితే, రేపు అందరూ కలిసి పీకేస్తారు."

"పీకమను. మళ్లీ పోస్తాను. ధనలక్ష్మింట్లో ఇంకా మూడు గిన్నిలున్నాయి."

"ఎందుకింత మొండి?"

"మొండా? ఆ కాయితం నాను మూడుసార్లు సదివించుకున్నానే. పైన ఈ పేరు మాకొద్దు, మార్సండి అనీసి బాగా రాసినారు. కింద సంతకాల పక్కన 'మీ ఊరు' అనీసి ఒక గడి ఉన్నాది. నలభై మందిలో ఒక్కలు కూడా కాలనీ అని రాయలేదు. నలభై గడుల్లోనూ తాటిదిబ్బే. మొదటి గడిలో నీ సేతిరాత."