సంఘం పెట్టె ఎట్ల చచ్చింది

నీళ్ళొద్దు చెల్లె, కూసో. ఆ ఆఫీసోళ్ళ తోని పొద్దుగాల సంది మొత్తుకొని వస్తున్న. నేతగాళ్ళ లిస్టుల మా బావ బాలనర్సయ్య పేరు లేదంటరు. నలభై ఏండ్లు మగ్గం గుంటల కాళ్ళు పెట్టి నేసిన మనిషి, కంప్యూటర్ల లేడంట. మరి గా చీరెలన్నీ ఎవడు నేసిండు, కంప్యూటరా?

ఏం మాట్లాడకు కిష్టవ్వా, నన్ను చెప్పనియ్యి. రేపు పొద్దుగాల నువ్వు కేబుల్ పిలగాడు రాకేశ్ మీద కాయిదం పెడుతున్నవని విన్న. గందుకే ఉరికొచ్చిన.

నాకు గీ ఆఫీసులు కొత్త కాదు. భీవండిల పన్నెండేండ్లు పవర్‌లూమ్ మోతకు సగం చెవులు పోగొట్టుకొని వచ్చినోణ్ణి. నూలు కోసం సిద్దిపేట రోడ్డు మీద కూసొని లాఠీలు తిన్నోణ్ణి. నీ పెనిమిటి, నేను కలిసి నిలబెట్టిన సంఘం అది. అప్పటి సంది ఈ పోచయ్య మాటకు ఎదురు లేదు. గదే ఎక్కువైంది నాకు.

మనిషి పోతే ఇంటికి పైసలొచ్చే బీమాల పేరు ఉండాల్నంటే ఈ ఏడు ప్రతి ఒక్కడు సంఘం షెడ్డుల, తన మగ్గం మీద కూసొని మిషన్‌కు మొఖం చూపియ్యాలన్నరు. అది సంఘం లైను మీదికెళ్ళే పోవాలంట. సెల్‌ఫోన్ నెట్టు పెడితే ఒప్పుకోదంట. మనం మన మగ్గం మీదనే ఉన్నమని గోడకున్న పెట్టె సాక్ష్యం చెప్పాల్నా? ఎవడు పెట్టిండో గీ రూలు.

సరే, కేబుల్ ఆఫీసు నుంచి రాకేశ్ వచ్చిండు. స్తంభం మీదికెళ్ళి సన్న తీగె గుంజి, గోడకు తెల్లపెట్టె బిగించిండు. గేట్‌వే అంటరంట దాన్ని. లోపల ఎన్ని మిషన్లున్నా బయటి ఇంటర్నెట్టుకు దాని నుంచే పోవాలె. కూసొని ఏదో పేరు కొట్టిండు, పాస్‌వర్డు కొట్టిండు. ఎర్రలైటు పోయి పచ్చది వచ్చింది. మా బావ ఎంత సంబురపడ్డడో. "బావా, ఎల్లుండి గడ్డం గీయించుకొని వస్త, మొఖం సక్కగ పడాలె" అన్నడు. "గీయించినా గదే మొఖం గదా" అన్న నేను. నవ్విండు.

రాకేశ్ పోయేటప్పుడు నాకు రెండుసార్లు చెప్పిండు. "తాతా, పెట్టెలకు కొత్త ప్రోగ్రాం దిగుతున్నది, లైను నెమ్మదిగ ఉన్నది. అది దిగినంకనే మొఖాలు తీసేది. రేపు పొద్దటి దాంక కరెంటు బందు చెయ్యకు. నడుమ బందైతే పెట్టె ఖరాబైతది."

మరుసటి దినం అమాస, ఎవ్వరు రాలే. ఆ తెల్లారి ఆఖరి తారీకు. బావ గడ్డం గీయించుకొని వచ్చి కూసున్నడు. పెట్టెకు ఎర్రలైటు. రాకేశ్ తీగెలు మార్చిండు, పిన్నుతోని పొడిచిండు, పై ఆఫీసుకు ఫోన్ చేసి బతిమాలిండు. లేవలే. కొత్త పెట్టె వచ్చేసరికి నాలుగొద్దులు పట్టింది. మిగిలినోళ్ళు వచ్చే ఏడు ఎక్కించుకుంటరు. బావకు వచ్చే ఏడు లేకపాయె. పది దినాలకు మగ్గం మీదనే ఒరిగిండు.

నువ్వు పోయి రాకేశ్ వాకిట్ల దుమ్మెత్తి పోసినవు. వాని పెండ్లాం శైలజ, ఏడు నెలల మనిషి, తలుపు చాటుకు నిలబడి ఏడ్చిందంట. రేపు నీ ఏలుముద్ర పడితే వాని నౌకరి పోతది. ఆఫీసోళ్ళకు కావాల్సింది గదే. ఒకని మీదికి తోస్తే ఫైలు మూసుకోవచ్చు.

వాడు కాదు కిష్టవ్వా. ఇటు చూడు. వాడు కాదు.

అమాస నాడు మగ్గం ముట్టొద్దని నీకు నేను చెప్పాల్నా? ముందటి మాపు షెడ్డు ఊడిపించి, కరెంటు మెయిన్ స్విచ్చి దించి, తాళమేసుడు సంఘం పుట్టిన కాడికెళ్ళి రివాజు. ఆ మాపు కూడ మెయిన్ కాడికి పోయిన. మర్చిపోయిన అంటే నువ్వు నమ్ముతవు. మర్చిపోలే. వాని మాట యాదికున్నది. పెట్టె మీద లైట్లు మిణుకుమంటున్నయి. మగ్గాలు పండుకునే దినం, నిన్న గాక మొన్న వచ్చిన పెట్టె కోసం నేను రివాజు ఇడవాల్నా అనుకున్న. నాకు చెప్పేటోడు ఎవడు అనుకున్న. దించిన.

అమాస ఎల్లిన పొద్దు అందరికంటే ముంగట పోయి మెయిన్ ఎక్కించిన. రాకేశ్ అడిగిండు, "తాతా, కరెంటు బందు చేసినవా?" అని. లేదన్న. మగ్గం మీద చెయ్యి పెట్టి లేదన్న. వాడు నమ్మిండు. నమ్మి, "నేనే ఏదో తప్పు కొట్టిన్నేమో" అని తన ఏళ్ళ దిక్కు చూసుకున్నడు. అది చూసి కూడ నోరిప్పలే నేను.

గట్ల చూడకు. తిట్టు.

ఇయ్యాల ఆఫీసుల చెప్పినవా అంటవు. లేదు. గాడ కూడ పెట్టెనే తిట్టి వచ్చిన. చెప్పినా బావ పేరు ఎక్కదు, తారీకు పోయినంక పోయిందే అంటరు. ఆ పిలగాని నౌకరి ఒక్కటి మిగులుతది, అంతే.

ఆ కాయిదం రాసిచ్చినోని కాడికి మల్ల పో. రాకేశ్ పేరు కొట్టేసి నాది రాయమను. పోచయ్య. తండ్రి పేరు అడుగుతరు. ఎల్లయ్య అని చెప్పు.