గడియారం బాబాయ్ వదిలించుకున్న మేడ

గడియారం బాబాయ్‌కి తెలియని విషయం లేదు. వాన ఎప్పుడు వస్తుందో తెలుసు, వంతెన ఎందుకు కూలిందో తెలుసు, పక్క వీధి డాక్టరు ఎవరికి ఏ మందు తప్పు రాశాడో తెలుసు. "తెలీదు" అన్న మాట ఆయన నోట విన్నవాడు ఆ బజారు మొత్తంలో ఒక్కడు కూడా లేడు. ఆయన బాగుచేసిన గడియారాలు మాత్రం తలో టైము చూపిస్తాయి, అది వేరే సంగతి.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగితే దుకాణాల్లో ఎవరు కూర్చుంటారు? అందరూ టీ కొట్టు అక్క బల్ల మీదికి చేరారు. బల్ల ఈ చివర రిటైరైన పోస్ట్‌మ్యాన్, మధ్యలో కాలు మీద కాలేసుకుని బాబాయ్, ఆ చివర సీట్ల తమ్ముడు. బండ్లకి సీటు కవర్లు కుడతాడు కాబట్టి అతనికి ఆ పేరు.

సీట్ల తమ్ముడు టీ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. పన్ను ఆఫీసు పంపిన నోటీసు. నలభై మూడో నంబరు రెండంతస్తుల మేడ నీది, దాని మీద వచ్చే అద్దె దాచావు, కాబట్టి మూడు లక్షల పన్నెండు వేలు ముప్పై రోజుల్లో కట్టు అని దాని సారాంశం. అతనుండేదే రెండు అద్దె గదులు. ఆఫీసుకి ఒకసారి వెళ్తే గేటు దగ్గరే "ముందు బిల్లు కట్టు, తర్వాత మాట్లాడు" అని పంపేశారు. ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే బజారంతా నిప్పు లేనిదే పొగ రాదంటుందని భయం. పెళ్లానికి కూడా చెప్పలేదు. రేపటితో ముప్పై రోజులూ అయిపోతాయి. రేపు పొద్దున్నే ఎవరో వచ్చి అతని కుట్టు మిషను కొనుక్కుపోతారు. దాన్ని అమ్మితే కొంత బిల్లు తీరుతుంది. మిషను లేకపోతే తర్వాత ఏం తినాలన్నది అతను ఇంకా ఆలోచించలేదు, ఆలోచించే ధైర్యం లేదు.

సరిగ్గా అప్పుడే బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"పన్ను ఆఫీసంటే అందరూ వణుకుతారు గానీ, నన్నడిగితే అదో పెద్ద విషయమే కాదు. రెండు నెలల కిందట నాకే వచ్చింది నోటీసు. నాకేదో రెండంతస్తుల మేడ ఉందట, అద్దె తింటున్నానట!"

సీట్ల తమ్ముడి చేతిలో టీ ఒలికింది. "ఏ మేడ బాబాయ్?"

"నలభై మూడో నంబరు. పసుపు రంగు. నోటీసు రాగానే ఇంకోడైతే మంచం ఎక్కేవాడు. నేను తిన్నగా వెళ్లి మేడ చూసొచ్చాను. మనదే అంటున్నప్పుడు చూసుకోవద్దూ? అద్దెకున్నవాళ్లు గుమ్మంలోకి వచ్చి, ఓనరు గారూ, కుళాయి కారుతోందండీ అన్నారు. ఓనరన్నాక తప్పుతుందా, అక్కడికక్కడే బాగుచేసిచ్చాను. పైకెక్కి చూస్తే ఏముంది, రెండంతస్తులేమిటి, అయిదు! నా ఓపిక కొద్దీ ఎక్కుతుంటే ఏడు, తొమ్మిది, ఆ పైన లిఫ్టు!"

"తొమ్మిది అంతస్తులు నడిచాక లిఫ్టు మొదలైందా బావా?" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"పైవాళ్లకి పెట్టుకున్నారు బావా, కిందవాళ్లు నడుస్తారు. మధ్యలో అడ్డు రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆఫీసుకి వెళ్లావా?" అన్నాడు సీట్ల తమ్ముడు. ముందుకు జరిగి కూర్చున్నాడు. తనకు వచ్చిన కష్టమే ఈయనకి వచ్చింది, ఈయన బయటపడ్డాడు. కోతలు ఎన్నైనా కోసుకోనీ, అందులో దారి ఒక్కటి దొరికితే చాలు.

"వెళ్లకేం? గేటు దగ్గర కాపలా వాడు నన్ను చూసి ఠక్కున లేచి నిలబడ్డాడు. బిల్లు కట్టారా అని గొణిగాడనుకో. బిల్లు కట్టడానికి రాలేదు, తప్పు దిద్దించడానికి వచ్చాను, మూడో కిటికీకి అన్నాను. అంతే, దారి వదిలాడు."

మూడో కిటికీ. సీట్ల తమ్ముడు మనసులో గట్టిగా పట్టుకున్నాడు.

"లోపల నాలుగు వందల మంది లైను. నన్ను చూసి నాలుగు వందల మందీ పక్కకి జరిగారు. కిటికీలో కళ్లజోడు అమ్మాయి. రండి సార్, మీ కోసమే చూస్తున్నాం, నోటీసుకి రెండు జెరాక్సులు, పన్ను నంబరు కార్డుకి ఒకటి తెచ్చారా అంది."

"రెండు, ఒకటి" అన్నాడు సీట్ల తమ్ముడు.

"ఏంట్రా లెక్కపెడుతున్నావు?"

"ఏం లేదు బాబాయ్, చెప్పు."

"ఇచ్చాను. అప్పుడా అమ్మాయి కంప్యూటర్లో నా మేడ లెక్క వేయబోయింది. నేను నోటితో వేసి ముందే చెప్పేశాను. నా స్పీడు తట్టుకోలేక దాని కంప్యూటర్ ఆగిపోయింది. పక్కదీ ఆగిపోయింది. కింద అంతస్తు, పై అంతస్తు, మొత్తం మూడు వందల కంప్యూటర్లూ బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయాయి."

"మనకి కూడా కరెంటు అందుకే పోయిందేమో" అంది టీ కొట్టు అక్క.

"అక్కా, నవ్వకు. పెద్దాఫీసరు పరిగెత్తుకుంటూ దిగొచ్చాడు. తన కుర్చీ తుడిచి నన్ను కూర్చోబెట్టాడు. అయ్యా, మిషన్లు పడిపోయాయి, మీరే దిక్కు అన్నాడు. చెవి మీది పెన్సిల్ తీశాను. ఈ పెన్సిలే, ఇదిగో. మధ్యాహ్నం అన్నం వేళకి ఆరు వందల ఫైళ్లు దిద్దాను. అందులో పెద్దాఫీసరు సొంత ఫైలు కూడా ఉంది. పాపం, వాడు తనకి తానే పన్ను ఎక్కువ కట్టుకున్నాడు! చూపించేసరికి నా చేతులు పట్టుకుని భోరుమన్నాడు."

"మరి నీ మేడ ఏమైంది బాబాయ్?"

"ఆగరా, మేడ ఎక్కడికి పోతుంది? ఇంతలో పైనుంచి ఫోను. దేశం మొత్తం లెక్క పది రూపాయలు తేడా వస్తోందట. మంత్రులంతా మూడు రోజుల నుంచి నిద్రల్లేకుండా వెతుకుతున్నారట. ఫోన్లో చదవమన్నాను. చదివారు. రెండో పేజీలో కూడికలో చేతికి ఒకటి వచ్చింది, వేయడం మర్చిపోయారు అన్నాను. హెలికాప్టర్ పంపుతాం, వచ్చి మా లెక్కలన్నీ చూసుకోండి అని బతిమాలారు. నేను రానన్నాను. ఎందుకో తెలుసా? సాయంత్రం ఆరింటికి ఒక గోడగడియారం ఇస్తానని మాటిచ్చాను. మాటంటే మాటే."

"ఆ గోడగడియారం నాదే" అంది అక్క, గ్లాసులు కడుగుతూ. "ఎనిమిది నెలలైంది. ఇంకా నీ దగ్గరే ఉంది."

పోస్ట్‌మ్యాన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. బాబాయ్ ఏమాత్రం తడబడలేదు. దానికి స్ప్రింగు విదేశం నుంచి రావాలన్నాడు.

సీట్ల తమ్ముడు మాత్రం నవ్వలేదు. "బాబాయ్, నీకు దండం పెడతాను. ఆ మేడని నీ నంబరు మీద నుంచి ఎలా తీశారో, అదొక్కటి చెప్పు."

అలా అడిగేవాడు దొరికితే బాబాయ్‌కి ఇంకేం కావాలి? టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"అసలు ప్రతాపం అక్కడే ఉంది. ఆ అమ్మాయి పాత రిజిస్టరు తీసింది. మేడ గలవాడి పన్ను నంబరు అందులో ఉంది. చివరి అంకె మీద ఎప్పుడో నీళ్లు పడి అలుక్కుపోయింది. ఎవడో దాన్ని ఆరు అనుకుని నా నెత్తిన రుద్దాడు. నా నంబరు చివర ఆరు కదా. గుర్తులేదూ, అయిదేళ్ల కిందట బడి ఆవరణలో బజారు వాళ్లందరికీ వరసగా పన్ను నంబర్లు ఇచ్చారు, నువ్వు లైన్లో నా వెనకే నిలబడ్డావు? ఆ అమ్మాయి కళ్లజోడు తీసి తుడుచుకుని, సార్, ఇది ఆరు కాకపోతే మరేమిటి అంది. ఆఫీసంతా నా వైపే చూస్తోంది. పెద్దాఫీసరు ఊపిరి బిగబట్టాడు. నేను రిజిస్టరు మీద ఒక్క చూపు చూశాను. నూటికి నూరు పాళ్లు ఏడు అన్నాను. మేడ అప్పటికప్పుడు నా మీద నుంచి లేచిపోయింది! ఆఫీసంతా చప్పట్లు!"

బల్ల మీద చప్పట్లు కొట్టినవాళ్లు లేరు. సీట్ల తమ్ముడు జేబులోంచి కాగితం తీసి, నాలుగు మడతలూ విప్పి, బాబాయ్ మోకాలి మీద పరిచాడు.

"నాది ఏడు బాబాయ్."

బాబాయ్ కాగితం చూశాడు. నలభై మూడో నంబరు. రెండంతస్తులు. మూడు లక్షల పన్నెండు వేలు. జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకుని మళ్లీ చూశాడు. పెద్దగా చూసినా ఏడు ఏడుగానే ఉంది.

"ఇంకేం బావా" అన్నాడు పోస్ట్‌మ్యాన్. "నీ ప్రతాపమంతా నెల రోజుల నుంచి ఈ పిల్లాడి జేబులో ఉంది."

"నెల రోజులా?" అంది అక్క. "ఒరేయ్ తమ్ముడూ, ఒక్క మాట చెప్పలేకపోయావా?"

అప్పుడు సీట్ల తమ్ముడు అన్నీ చెప్పేశాడు. గేటు దగ్గర మాటలు, నిద్ర లేని రాత్రులు, రేపు పొద్దున మిషను కోసం వచ్చే మనిషి. నెల రోజులు దాచుకున్నది బయటికి వచ్చేసరికి అతనికి మనసు తేలికైంది. బాబాయ్ మీద కోపం రావాలి, కానీ రాలేదు. తను దొంగ కాదని నలుగురిలో తేలింది, ముందు అది చాలనిపించింది.

బాబాయ్ ఊరుకునే మనిషా? కాస్త నిటారుగా కూర్చున్నాడు. "అదేరా, ఎవడో ముక్కూ మొహం తెలియనివాడికి పోవడం ఎందుకని, నమ్మకస్తుడివని నీ దగ్గర..."

"నాకొద్దు బాబాయ్. రేపు వచ్చి వెనక్కి తీసుకో."

అక్క పకపకా నవ్వింది. పోస్ట్‌మ్యాన్‌కి పొలమారింది. బాబాయ్ మొహం మొదట ఎర్రబడింది, తర్వాత చిన్నబోయింది. భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. కాగితాన్ని మడిచి సీట్ల తమ్ముడి చేతికిచ్చాడు.

"ఒరేయ్ అబ్బాయ్" అన్నాడు చివరికి, మామూలు గొంతుతో. "కాపలా వాడు లేవలేదు. ఎవరూ జరగలేదు. నాలుగు రోజులు తిరిగాను. నాలుగో రోజు కిటికీ మూసే వేళకి నా వంతు వచ్చింది. ఆ పిల్ల తలుపు దించబోతూ ఏ అంకె అంది. నాకేం కనబడలేదు. ఏదో ఒకటి చెప్పకపోతే మళ్లీ రేపు రమ్మంటుందని నోటికొచ్చింది చెప్పాను. అది నీకు తగులుతుందనుకోలేదురా."

"సరేలే బాబాయ్. రేపు వస్తావా?"

"రాకేం? కిటికీ పదిన్నరకి తెరుస్తారు గానీ ఎనిమిదికే నిలబడాలి. పెన్ను తెచ్చుకో, అక్కడ దారానికి కట్టిన పెన్ను రాయదు. అక్కా, నీ దగ్గర రెండు గొడుగులుంటే ఇవ్వు, లైను ఎండలో ఉంటుంది."

ఇంతలో కరెంటు వచ్చింది. బజారులో ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా తిరిగాయి. సీట్ల తమ్ముడు లేచి నిలబడి, మిషను కొంటానన్న మనిషికి ఫోను చేసి, రావద్దు, అమ్మడం లేదు అని చెప్పాడు. గట్టిగానే చెప్పాడు. దుకాణం వైపు రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చాడు.

"బాబాయ్, రేపు ఆ అమ్మాయి మళ్లీ అడుగుతుంది. ఏడు కాకపోతే మరి ఏ అంకె అని. అప్పుడేం చెబుతావు?"

బాబాయ్ నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ ఎనిమిదో తొమ్మిదో నాలుక చివరి దాకా వచ్చినట్టే ఉంది. అక్క కడుగుతున్న గ్లాసు అలాగే పట్టుకుంది. పోస్ట్‌మ్యాన్ మెడ చాచాడు.

"తెలీదు అని చెబుతాను" అన్నాడు గడియారం బాబాయ్.

అక్క ఆయనకి ఇంకో టీ పోసింది. డబ్బులు తీసుకోలేదు.