పత్తి మొగ్గ ఒలిచినట్టు

మానవపాడులో ఒక రేకుల ఇల్లు. కూతురు నేల మీద పాత చీర పరిచి, ల్యాప్‌టాప్ విప్పుకొని కూర్చుంది. ఊడదీసిన మరలు ఇడ్లీ ప్లేటు గుంతల్లో ఉన్నాయి. తల్లి ఫోను టార్చి పట్టుకుంది.

"ఏమైందట దీనికి?"

"ఫ్యాను తిరుగుతలేదమ్మా, వేడెక్కి ఆగిపోతుంది. లోపలంత దుమ్మే. ఫ్యాను తియ్యాల్నంటే ముందుగాల ఈ సన్న వైరు ఊడదియ్యాలె. తెగితే ఇగ అంతే."

"ఎల్లుండి నౌకరి ఇంటర్వ్యూ దీన్లనే గదా?"

"దీన్లనే. అందుకే ఈ వైరు ముట్టబుద్ధి అయితలేదు."

"విత్తనం పత్తి చేన్ల మొగ్గలు ఒలుస్తుంటివి గదా, లోపలి కాడ ఇరగకుంట. గట్లనే గోరుతోని మెల్లగ లేపు."

"మొగ్గలు ఒలిచి పుప్పొడి అద్దే ఆ క్రాసింగ్ పనికి మళ్ళ పోవద్దంటివి గదమ్మా."

"పోవద్దన్న గని, నేర్చింది మర్చిపొమ్మన్ననా?"

"ఆఁ... వచ్చింది! తెగలే."

"ఇగ దుమ్ము ఊదు."

"అమ్మా, ఒక మాట. ఇది బాగుగాదేమోనని, రేపటి సంది నీతోని క్రాసింగ్‌కు వస్తనని నిన్న కూలోళ్ళ మేస్త్రికి చెప్పిన."

"తెల్సు. నువ్వు రావని పొద్దుగాలనే చెప్పొచ్చిన."

"పొద్దుగాలనా? అప్పటికి నేను దీన్ని విప్పనే లేదు గదా!"

"విప్పితే బాగుచేస్తవని నాకు తెల్వదా? టార్చి జర ఇటు పట్టాల్నా?"