డాంగిల్‌ని గుర్తుపట్టని లాప్‌టాప్

మరో అరగంటలో ఆమెకి ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ. మొగుడుగారేమో నెట్ డాంగిల్‌ని లాప్‌టాప్ నుంచి పీకడం, ఊదడం, మళ్ళీ గుచ్చడం.

"ఊదితే రాజుకోవడానికి అదేమైనా పొయ్యా?"

"రాత్రి సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశాగా, డాంగిల్‌ని నడిపే పాత డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పోయింది. లాప్‌టాప్ దాన్ని పెన్‌డ్రైవ్ అనుకుంటోంది. డ్రైవర్ మళ్ళీ నెట్‌లోంచి దించుకోవాలి."

"నెట్ రావాలంటే నెట్ కావాలా? ఇంటర్వ్యూ ముందురోజే అప్‌గ్రేడ్ చేయమని మిమ్మల్నెవరు బతిమాలారు?"

"స్పీడు పెరుగుతుందని..."

"మహా పెరిగింది! పెన్‌డ్రైవ్‌లా కనబడుతోందన్నారుగా, తెరిచి చూశారా?"

"డాంగిల్‌లో ఏముంటుంది, నీ పిచ్చిగానీ!"

ఆమె తెరిచింది. డ్రైవర్ సెటప్ అందులోనే ఉంది. నొక్కిన కాసేపటికి డాంగిల్‌ మీద పచ్చదీపం వెలిగింది.

"నేనూ అదే చెప్పబోతున్నా... సరే, అవతల గదిలోకి వెళ్తాలే."

"ఎక్కడికీ? మొండి మనుషులతో నెగ్గుకొచ్చిన అనుభవం ఉందా అని అడుగుతారట. కెమెరాకి కనబడేలా ఇక్కడే కూర్చోండి."