సగం దించిన షట్టర్

బొమ్మల షాపులో చివరి బేరం వెళ్లిపోయింది. అన్న షట్టర్ సగం దించి, కౌంటర్ దగ్గరున్న చెల్లెలి వైపు తిరిగాడు.

“ఇక చెప్పొచ్చు. అమ్మ మధ్యాహ్నమే పోయింది.”

“పొద్దున ఆస్పత్రికి వెళ్తానంటే, అమ్మ బాగానే ఉంది, నువ్వు బొమ్మలమ్ము అన్నావు కదా అన్నయ్యా?”

“కౌంటర్ దగ్గర ఏడవకూడదన్నది నాన్న పెట్టిన నియమం. అమ్మ పోయిందని తెలిస్తే నువ్వేం అమ్మగలవు?”

“ఇప్పుడు కూడా మాటలతో ఆటేనా? పనివాళ్లకి తెలుసా?”

“అందరికీ చెప్పాను. అందుకే ఇవాళ నీకెవరూ ఎదురు చెప్పలేదు.”

“నేనేమో నా మాటకి విలువ పెరిగిందని మురిసిపోయాను. అమ్మ నన్ను అడిగిందా?”

“అడిగింది. మధ్యాహ్నం నేను ఆస్పత్రికి వెళ్లినప్పుడు, షాపులో రద్దీగా ఉందా అని కూడా అడిగింది. ఉందన్నాను. అయితే దాన్ని పిలవొద్దురా అంది.”

“మధ్యాహ్నం ఒక్కరు కూడా రాలేదన్నయ్యా. ఊరికే కూర్చోలేక ఎలుగుబంట్లకి దుమ్ము దులిపాను.”

అన్న కౌంటర్ మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడవసాగాడు. చెల్లెలు అతని భుజం తట్టింది.

“లే అన్నయ్యా. షట్టర్ ఇంకా సగమే దిగింది. కౌంటర్ దగ్గర ఏడవకూడదు.”