మూడో హాలు, అదే గాయని

పొద్దున ఒక పాతకాలపు భవంతి, సాయంత్రం ఒక కచేరీ. అలా ఆ భార్యాభర్తల కారు ప్రయాణం మూడో రోజుకు చేరింది. మూడో హాలు ముందు కారు ఆగింది కానీ, గోడ మీది పోస్టరు చూసి ఆమె దిగలేదు.

"మళ్ళీ ఈవిడేనా?"

"బాగా పాడుతుంది కదా."

"మూడు ఊళ్ళు, మూడు హాళ్ళు, ఒకే గాయని! పొద్దునపూట ఆ పాత ఇళ్ళు చూపించేది నా కళ్ళకు గంతలు కట్టడానికా?"

"ఛ, అవేం మాటలు! నీకిష్టమనేగా."

"ఇష్టమే. నేను నిలువుటద్దాలు, పందిరి మంచాలు చూస్తుంటే మీరు గడియారం చూస్తారు. నిన్న ఆవిడ పాడినంతసేపూ కళ్ళార్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది."

"నేను చూసింది ఆవిణ్ణి కాదే."

"మరెవర్ని?"

"వెనక వయొలిన్ వాయిస్తాడే, వాణ్ణి. పెళ్ళికి ముందు నేను వాయించింది ఈ బృందంలోనే. ఆ కుర్చీ నాది. రెండో చరణంలో ప్రతిసారీ తొందరపడతాడు వెధవ! చూస్తుంటే కడుపు రగిలిపోతుంది."

ఆమెకు గుండె తేలికపడి నవ్వొచ్చింది. అప్పుడు చూసింది, స్టీరింగు మీద అతని ఎడమచేతి వేళ్ళు లేని తీగల్ని నొక్కుతున్నాయి.

"అంత ప్రాణమైతే ఎందుకు మానేశారండీ?"

"ఊళ్ళు పట్టుకు తిరిగేవాడితో కాపురం చెయ్యలేనన్నావుగా."

"నేనా? ఎప్పుడు?"

"మనం మొదటిసారి మాట్లాడుకున్న రోజు."

ఆ రోజు అతను వేసుకున్న చొక్కా రంగు కూడా ఆమెకు గుర్తుంది. ఆ మాట అన్న గుర్తే లేదు.