మహేశ్వరన్న ఐదేండ్లు ముందుకు నూకిన కంప్యూటర్

మొయినాబాద్ చౌరస్తాల ఎంకమ్మ చాయ్ హోటల్ బల్ల మీద సమత కూసున్నది. ఒడిల కంప్యూటర్ డబ్బ, దాని మీద అవ్వ కప్పి ఇచ్చిన పాత చీర. కనకమామిడి నుంచి ఆటోల వచ్చేటప్పుడు ప్రతి గుంతకు ఆ డబ్బను రెండు చేతులతోటి పైకి లేపి పట్టుకున్నది. చేతులు ఇంకా గుంజుతున్నయి.

రేపు పొద్దుగాల తొమ్మిదింటికి మాదాపూర్ల ఇంటర్వ్యూ. చేసిన ప్రాజెక్టు సీడీల ఎక్కించుకొని రమ్మని లెటర్ల రాసిన్రు. ప్రాజెక్టేమో ఈ డబ్బల తప్ప ఇంకెక్కడ లేదు. హాస్టల్ల సీనియర్ అశ్విని అక్క విండోస్ పక్కకే లినక్స్ కూడ ఎక్కించి ఇచ్చింది. ఆన్ చేస్తే రెండు పేర్లొస్తయి, కావాల్సింది నొక్కాలె. ప్రాజెక్టంత లినక్స్ దిక్కే ఉన్నది. నిన్న కరెంటు పోయి వచ్చినంక ఆ రెండు పేర్లు రాలేదు. నల్లటి తెర మీద ఏదో రాసి, ఎఫ్-వన్ నొక్కుమన్నది. భయానికి పూర్తిగ చదవకుంటనే నొక్కింది. ఆపరేటింగ్ సిస్టం లేదన్నది. ఇరవైసార్లు ఆన్ చేసింది. ఇరవైసార్లు లేదనే అన్నది.

చేవెళ్ల కంప్యూటర్ షాపాయన పెండ్లికి పోయిండు. ఇగ మిగిలింది మహేశ్వరన్న. హోటల్ పక్క షెటర్ల కంప్యూటర్ రిపేర్ షాపు ఆయనదే. పన్నెండింటికి పోయిన కరెంటు మూడింటికి గాని రాదు. అందుకే షాపు మనిషి హోటల్ల ఉన్నడు, ఆయన చుట్టు నలుగురు ఉన్నరు, ఆయన చేతుల రెండో చాయ్ ఉన్నది.

"రెండు సిస్టములా? ఓస్, గదెంత పని చెల్లె," అన్నడు డబ్బ దిక్కు చూడకుంటనే. "ఫార్మాట్ కొడ్త. అరగంట."

ఫార్మాట్ అంటే లోపలున్నదంత ఊడ్చి అవతల పారబోసుడు. సమత చీర అంచును గట్టిగ పట్టుకున్నది.

"అన్న, లోపల నా ప్రాజెక్టు ఉన్నది. అది పోతే నేను రేపు పోయి ఏం చూపియ్యాలె?"

"నా చేతుల పడ్డది పోవుడేంది? ఫికర్ జేయకు. అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్ ముచ్చట విన్నవా లేదా?"

"ఇనలే అన్న, చెప్పు," అన్నడు ఆటో ప్రేమదాసు. విని విని ఉన్నడు గాని, కరెంటొచ్చేదాంక ఆయనకు మాత్రం పనేమున్నది?

"ఏం లేదురా, మొన్న ఎండకాలం ఫామ్‌హౌస్ సారు ఫోన్ చేసిండు, మహేశ్వర్, కంప్యూటర్ లేస్తలేదు, పట్నం నుంచి ముగ్గురు ఇంజనీర్లొచ్చి చెమటలు కక్కి పోయిన్రు అని. నేను పోయిన. ఒకటే స్క్రూ విప్పిన, చెల్లె, ఒకటే. హార్డ్ డిస్కుకు చెవి ఆనిచ్చిన. లోపల కొట్లాట! విండోస్ పెద్దోడు, లినక్స్ చిన్నోడు, భూమి పంచుకున్న పాలోళ్లన్నట్టు. పెద్దోడు రాత్రికి రాత్రి చిన్నోని హద్దు కడీలు పీకేసి చెల్కంత దున్నుకుంటున్నడు!"

"కడీలు పీకినంక మండలాఫీసు సుట్టు తిరుగుడే," అన్నది ఎంకమ్మ, పాలు పొంగకుంట గంటె తిప్పుకుంట.

"నేనే సర్వేయర్ని, నేనే పంచాయితి. ఇద్దర్ని కూసోబెట్టిన. పెద్దోడా, తమ్మునికి చెల్కల వాని పాలు ఎందుకు ఇయ్యవురా అంటే, నాకు తమ్ముడే లేడు అంటడు! గట్లెట్ల అంటడని తేదీ చూసిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డబ్బల తేదీ రెండువేల రెండు, జనవరి ఒకటి! మనం ఉన్నదేమో రెండువేల ఏడుల. ఐదేండ్లు ఎనకకు పోయి కూసున్నది. ఆ ఏడు ఆ ఇంట్ల లినక్స్ పుట్టనే లేదు. పుట్టని తమ్మునికి పాలెట్ల ఇస్తడు, మీరే చెప్పున్రి!"

అందరు నవ్విన్రు. సమత నవ్వలేదు. నిన్న ఆ నల్లటి తెర మీద ఒక మూలకు ఏవో అంకెలున్నయి. రెండు, సున్న, సున్న, రెండు. గంట కొట్టినట్టు గుర్తుకొచ్చింది.

"అన్న, తేదీ నిజంగనే ఎనకకు పోయిందా?"

"ఆగు చెల్లె, అసలు ముచ్చట ముందున్నది. ఐదేండ్లు ముందుకు నూకాలె గద? ఒక్క నొక్కుడుకు ఒక్క దినం. నొక్కుతున్న, నొక్కుతున్న, ఏలు బూరెలెక్క ఉబ్బింది. రెండువేల నాలుగు వానకాలం కాడికొచ్చేసరికి స్క్రీన్ మీద నుంచి సుక్కలు! సారు గొడుగు పట్టిండు, నేను నొక్కిన. నొక్కుడు జోరు మీద ఆగలే, దాటిపోయిన. రెండువేల ముప్పై!"

"ముప్పైలనా? మోకిలల గజం జాగ ధర ఎంతున్నదన్న?" ప్రేమదాసు ముందుకు జరిగిండు.

"చెప్తే నీకు నిద్ర పట్టదు, వద్దు. తిప్పి మళ్ల రెండువేల ఏడుకు తెచ్చేసరికి కరెంటు పోయింది. డబ్బ ఆగిందా? ఆగలే! విండోస్, లినక్స్ రెండు ఒక్కసారే లేచినయి, ఒకటి ఎడమ దిక్కు, ఒకటి కుడి దిక్కు. ఆ జోరుకు ఫామ్‌హౌస్ బల్బులు ఎలిగినయి, ఆ తర్వాత ఏమైందో తెలుసా? అజీజ్‌నగర్ బోర్లన్ని ఆ ఒక్క డబ్బ కరెంటు మీదనే పొద్దుందాంక నీళ్లు పోసినయి! సారు ఇప్పటికీ పొద్దుగాల లేస్తే ముందు ఆ కంప్యూటర్‌కే దండం పెడ్తడు."

"దండమైతే పెడ్తలేడు పటేలా."

మూలకు ఫ్లాస్కు పట్టుకొని చాయ్ కోసం కూసున్న ముసలాయన అన్నడు. అందరు అటు తిరిగిన్రు.

"నేను బీరయ్యను, ఆ ఫామ్‌హౌస్ వాచ్‌మన్ని. ఆ డబ్బ నా గుడిసెల ఉన్నది. పక్క రేకు తీసిపెట్టినవు గద, లోపల మంచిగ ఎచ్చగున్నదని మా కోడి పొదుగుతున్నది. పదకొండు గుడ్లు." ఫ్లాస్కు మూత తిప్పిండు. "సారు బిడ్డ పెండ్లి ఫోటోలన్ని దాంట్లనే ఉండెనట. నువ్వు పోయినంక ఒక్కటి దొరకలే. అమ్మగారు రెండు దినాలు అన్నం తినలే."

ఎవ్వరు నవ్వలేదు. మహేశ్వరన్న చాయ్ గ్లాసుల ఏమున్నదో చూస్తున్నట్టు చూసిండు.

సమత డబ్బను ఇంకా దగ్గరికి గుంజుకున్నది. లేచి పోవాల్నని ఉన్నది. పోతే ఎక్కడికి పోవాలె?

"అన్న, ఆ తేదీ ముచ్చట కూడ కోతేనా?"

మహేశ్వరన్న గ్లాసు మీదికెళ్లి కండ్లు లేపిండు. "గదొక్కటి నిజం."

ఈసారి మెల్లగ చెప్పిండు, చేతులు తిప్పకుంట. "లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటది. అది సచ్చిపోతే, కరెంటు పోంగనే డబ్బ అన్ని మర్చిపోతది. తేదీ మర్చిపోతది, ఏ డిస్కుకెళ్లి లేవాల్నో అది కూడ మర్చిపోతది. నేను గా దినం ఫార్మాట్ కొట్టినంక చూసిన తేదీ. ముందు చూడాల్సుండె." చాయ్ పక్కకు పెట్టిండు. "నీ దాంట్ల డిస్కులెన్ని?"

"రెండు. పాతదాంట్ల ఒట్టి పాటలే."

"మరింకేంది. అది పాటల డిస్కును అడుగుతున్నది, సిస్టం ఉన్నదా అని. లేదంటున్నది. అబద్ధమైతే చెప్తలేదు."

మూడు దాటి పది నిమిషాలకు కరెంటొచ్చింది. షెటర్ల డబ్బకు వైర్లు పెట్టినంక మహేశ్వరన్న కీబోర్డు మీదికి ఒంగిండు.

"నేను చేస్త అన్న. నువ్వు చెప్పు చాలు."

ఒక్క నిమిషం ఆమె మొఖం చూసి, చేతులు రెండు ఎనకకు కట్టుకొని నిలవడ్డడు. "ఆన్ కాంగనే డిలీట్ నొక్కు. నీలం తెర వస్తది."

వచ్చింది. పైన తేదీ, రెండువేల రెండు, జనవరి ఒకటి. కింద డిస్కుల వరుస. పాటల డిస్కు మీద, కొత్త డిస్కు కింద. సమత బాణం గుర్తు నొక్కి కొత్తదాన్ని మీదికి తెచ్చింది. మార్చింది దాసిపెట్టుమని సేవ్ నొక్కింది. తెర నల్లగైంది.

నల్లగనే ఉన్నది. బయట ఒక లారీ పోయింది. ఇంకా నల్లగనే ఉన్నది.

రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చినయి. పక్కన అంకెలు తగ్గుతున్నయి, తొమ్మిది, ఎనిమిది, ఏడు. నాలుగు కాడ గాని తాను నొక్కాల్నన్నది యాదికి రాలే. లినక్స్ మీద పెట్టి నొక్కింది.

ప్రాజెక్టు ఎట్లున్నది అట్లనే ఉన్నది. ఒకటి సరిపోతదని తెలిసి కూడ సమత మూడు సీడీలు కొట్టిచ్చుకున్నది.

కొత్త బ్యాటరీ ఏసుకొని, తేదీ, డిస్కుల వరుస మళ్లొకసారి సరిజేసి, డబ్బకు చీర చుట్టుకొని బయటికొచ్చేసరికి మహేశ్వరన్న మూడో చాయ్ మీద ఉన్నడు. చుట్టు కొత్త మనుషులు.

"...పిల్ల కండ్లల్ల నీళ్లు, డబ్బల పానం లేదు, రెండు సిస్టములు కలిసి సచ్చిపోయినయి. అప్పుడు నేను, చెయ్యి ఇట్ల పెట్టిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు," అన్నది ఎంకమ్మ, గ్లాసులు కడుగుకుంట. "నువ్వు చెయ్యి పెట్టలే. గందుకే లేచింది."